చొప్పవామిలో పోయిన బాణం

తాండూరు బడికి బదిలీ అయి వచ్చి రెండు నెలలైంది. నిజాం మీద జరిగిన పోలీసు చర్య తర్వాత తుపాకీ కనబడితే ఠాణాలో జవాబు చెప్పుకోవాలి, విల్లుకు ఆ బాధ లేదు. కానీ ఇక్కడ విల్లు పట్టే తోడు గానీ, కుందేళ్ల వేటకు తన చేలోకి రమ్మనే రైతు గానీ దొరకలేదు. ఆదివారం వస్తే నాకు కాలు నిలవదు. ఈ రోజూ విల్లు భుజాన వేసుకుని ఊరి బయట తిరిగాను. ఒక కంది చేను పక్కన జొన్నచొప్ప వామి కనబడగానే ఆగలేకపోయాను. మూడు బాణాలు వేశాను. రెండే కనబడ్డాయి.

మూడోది లోపలికి దిగిపోయిందని మురిసిపోతుండగా ఆ వామి గల పెద్దామె వచ్చింది. ఒక బాణం లోపలే ఉండిపోయిందని గొప్పగా చెప్పాను.

"ఇనుప ములుకు మేతల కలిస్తే నా బర్రె బతుకుతదా పంతులూ? వామి ఇప్పు!" అంది.

విల్లు పక్కన పెట్టి వామి ఎక్కాను. ఇద్దరం ఒక్కో కట్ట దించి, దులిపి, పొద్దు వాలేదాకా వెతికాం. బాణం లేదు. చివరికి ఆమే కంది చేలోకి వెళ్లి, మట్టిలో గుచ్చుకున్న నా మూడో బాణం పట్టుకొచ్చింది.

"గింత పెద్ద వామికే తాకలే. ఉరికే కుందేలుకు తాకుతదా?" అని నా చేతిలో పెట్టింది.

వామి మళ్లీ పేర్చి ఇప్పుడే ఇల్లు చేరాను. ఒళ్లంతా దురద. వేటకు చోటు అడగడం ఇక మానేశాను. విల్లు నేర్పేవాళ్లెవరైనా మీ ఎరుకలో ఉంటే జవాబు రాయండి. ఈ మూడో బాణం సంగతి మాత్రం వాళ్లకు చెప్పకండి.