ఊటకు తాళం వేసిన మొనగాళ్లు

ఆ రోజుల్లో బొంబాయి కామాటిపురాలో, చాల్ ఇరుకు గదుల్లో పెరిగిన మాకు నీళ్ల గురించి తెలిసిన శాస్త్రం చాలా చిన్నది. కుళాయి ఉంటే నీళ్లు, మూత ఉంటే శుభ్రం, తాళం ఉంటే ఆ నీళ్లు మనవి. ఆ చదువుతోనే నేను సహ్యాద్రి కొండల్లో ఊటల్ని కాపాడే ఒక సంస్థలో చేరాను. (నా తెలివి చూసి తీసుకోలేదు, మరాఠీ గడగడా మాట్లాడతానని తీసుకున్నారు.) మూడు నెలలు చూసి, పనికొస్తే ఉంచుకుంటామన్నారు. మా వంశంలో తట్ట మోయని మొదటి ఉద్యోగం అది. పోగొట్టుకుంటే అమ్మకు మొహం చూపించలేను.

మా మేడమ్ నన్నొక ఊట దగ్గరికి తీసుకెళ్లింది. రాళ్ల సందుల్లోంచి సన్నటి ధార, చుట్టూ నాచు, నాచులో ఎర్ర పీతలు, గోరంత కప్పలు. "ఈమధ్య వానలు లెక్క తప్పుతున్నాయి. కింద వాగు ఎండిపోయినా ఇవన్నీ ఈ తడిమీదే బతుకుతాయి. పశువులు తొక్కకుండా కాపాడు, నెల తర్వాత వచ్చి చూస్తాను" అని మరాఠీలో చెప్పి వెళ్లిపోయింది.

కాపాడటమంటే కట్టడమే కదా! మేస్త్రీ పని చేసే మా మేనమామను రప్పించాను. ఆయన ఊటను చూసి మొహం చిట్లించాడు. "ఏందిరా అల్లుడా, తాగే నీళ్లల్ల పీతలా? ఛీ! మన తాతలు బొంబాయి మొత్తం కట్టిన్రు, ఈ గుంతెంత? దో దిన్‌ల చమ్కాయిస్త!" అన్నాడు. అన్నట్టే రెండు రోజుల్లో చమ్కాయించి తళతళలాడించాడు. సిమెంటు తొట్టి, కుళాయి, ఇనప మూత, బొంబాయి నాగ్‌పాడాలో ఎవరిదో బాత్‌రూం పనిలో మిగిలిన తెల్లటి టైల్స్. పైన తాళం నేనే వేశాను. ఊరి ముసలావిడ ఒకామె చూసి, "నీళ్లు ఎక్కడికి పారిపోతాయని నాయనా?" అని నవ్వింది. పల్లెటూరి మనిషి, ఆమెకేం తెలుసులే అనుకున్నాను.

నెల తిరగ్గానే మేడమ్ వచ్చింది. చాలాసేపు టైల్స్ వంక చూసి, "పీతలేవి?" అంది.

"ఒక్కటి కూడా లేకుండా చేశాను మేడమ్! బకెట్లో పట్టి కింద వాగులో వదిలేశాను. కప్పల్ని కూడా!" అన్నాను ఛాతీ విరుచుకుని.

ఆవిడ అక్కడే చతికిలబడింది. "ఆ వాగు ఎండి పదిరోజులైంది" అంది.

నా మొనగాడితనం అక్కడితో దిగిపోయింది. ఉద్యోగం సంగతి గుర్తు కూడా రాలేదు, నిజంగా ఏడుపొచ్చింది. "కట్టుడే గానీ కూలగొట్టుడు మా ఇంటావంటా లేదు" అని గొణుగుతూనే, మళ్లీ పిలిపిస్తే వచ్చిన మామ సుత్తె అందుకుని, తన తొట్టిని తనే పగలగొట్టాడు. వీడు ఇంతకన్నా పెద్ద తప్పు ఇక చెయ్యలేడనుకుందేమో, మేడమ్ నన్ను ఉండనిచ్చింది.

ఆ వానాకాలం కప్పలు తిరిగొచ్చాయి. పీతలు రాలేదు. ఇప్పటికీ ఏటా వెళ్లి రాళ్లెత్తి చూస్తాను. నేను ఊట దగ్గరుండగానే మంచం పట్టిన మామ ఫోన్ చేసి "అల్లుడా, వచ్చినయా?" అంటాడు. ఈ ఏడు మనసొప్పక "ఒకటి కనబడింది మామా" అన్నాను. ముసలాయన చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. అబద్ధమే. కానీ ఫోన్ పెట్టేశాక, నలభై దాటిన ఈ పెద్దమనిషి (నేనే) తన అబద్ధాన్ని తనే నమ్మి, వంగి మళ్లీ ఒక్కో రాయీ ఎత్తి చూశాడు.