చుక్క నీరు తగలకూడదు

అరవైల చివర్లో శృంగవరపుకోట దగ్గరి చేపపిల్లల కేంద్రంలో నేను పనిచేసేవాణ్ణి. మా ముసలి ఫీల్డ్‌మన్ భుజాన ఎప్పుడూ పొడి తువ్వాలు ఉండేది. మగచేప వీర్యం తీసేముందు చేపను, గాజుగొట్టాన్ని, చివరికి మా చేతుల్ని కూడా తుడిచేవాడు.

"ఒరే, సుక్క నీరు తగలకూడదు. తగిలిందంటే కణాలు లెగిసి ఈదేస్తాయి, నిమిషంలో సస్తాయి" అని తిట్టేవాడు.

విజయనగరం నుంచి ఊకలో తెప్పించిన ఐసు మధ్య వీర్యం ఉన్న ఒక గొట్టాన్ని మూడు రోజులు కాపాడాడు. ఆ సాయంత్రమే ఆడచేప గుడ్లు పిండి, దాన్ని కలపాలి. మధ్యాహ్నం పెద్ద ఆఫీసరు వచ్చి, ఆ గొట్టంలోంచి కాస్త తీసి మైక్రోస్కోపులో చూశాడు.

"ఒక్కటీ కదలడం లేదు. చచ్చినవాటికి ఐసెందుకయ్యా?" అంటూ గొట్టాన్ని నీళ్ల బాల్చీలో వంపేశాడు.

"నిద్దరోతన్నాయి బాబూ..." అన్నాడు ముసలాయన, గొంతులోనే. చుక్క నీటికి మమ్మల్ని చెడతిట్టే మనిషికి అప్పుడు నోరెందుకు పెగల్లేదో! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ముసలాయన బాల్చీలోంచి గబగబా ఒక చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టాడు.

"సూడండి బాబూ, పరిగెడతన్నాయి!" అని అప్పుడు అరిచాడు. జీపు వైపు నడుస్తున్న ఆఫీసరు తల తిప్పలేదు.

నేను కన్ను పెట్టేసరికి అన్నీ ఆగిపోయాయి. ఈసారి నిజంగానే.