పది ఫోన్ల కాపలా

మొన్న ఓట్ల నాడు మా వీధిలో పది మంది నిమ్మళంగా ఓటేసినారంటే, అది నా చలవే! నా ఓటు సంగతి మాత్రం అడగొద్దండప్పా. సరే, అడగకపోయినా చెప్తా.

నేను నంద్యాలలో విత్తనాల కొట్లో పని చేస్తాండా. ఓటు ఆళ్లగడ్డలో. పోయిన తూరి లీవు దొరక్క ఓటు పోయింది. ఈసారి ఎట్లయినా ఏయాల్సిందేనని పంతం పట్టి, బస్సులో నిలబడుకోని వచ్చినా.

సాయంత్రం మా వీధోళ్లతో కలిసి పోలింగ్ బూత్‌కు పోతే, వంద మీటర్ల గీత కాడ కానిస్టేబుల్ ఆపినాడు. ఫోన్లు లోపలికి పోకూడదంట! పక్కన టీ బంకు అన్న, "ఈడ పెట్టి పోండన్నా, నేను చూసుకుంటా" అన్నాడు. ముక్కూ మొగం తెలియనోన్ని ఎట్లా నమ్మేది? "నేనుంటా, మీరు పోయి రాండి. లాస్టున నేనేస్తా" అని పెద్దమనిషి మాదిరి సంచి పట్టుకున్నా. పది ఫోన్లు! ఒకటి ఆగితే ఇంకోటి మోగుతాది.

ఒక్కొక్కరే వచ్చి ఎవరిది వాళ్లు తీసుకోని పోయినారు. మా సువార్తమ్మ పెద్దమ్మది మాత్రం మిగిలింది. ఐదున్నరయింది, ఆమె రాల్యా. ముసలి పానం, ఏమయిందో ఏమోనని గాబరాగా ఆమెకు ఫోన్ చేసినా. నా సంచిలోనే మోగింది! థూ, నా తెలివి! రెండు నిమిషాలాగి మళ్లీ చేసినా. మళ్లీ సంచిలోనే.

ఆరుకు ఐదు నిమిషాలుండంగా గీత కాడికి ఉరికినా. టీ బంకు మూసేసినారు. "అన్నా, ఈ రెండు ఫోన్లు నువ్వే పట్టుకో" అని కానిస్టేబుల్‌ను బతిమాలినా.

"పోతే నా మెడకు చుట్టుకుంటాది. నువ్వెవరో నాకేం తెలుసు?" అన్నాడు.

కోపం రాల్యా. టీ బంకు అన్నను నేనూ అట్లనే చూసినా గదా! సిగ్గనిపించింది. ఈలోగా గేటు మూసినారు.

పెద్దమ్మ ఇంటికి పోతే, ఆమె మంచం మీద కూర్చోని శెనక్కాయ బుడ్డలు ఒలుస్తాంది.

"ఓటేసి, కాళ్లు నొప్పులని అట్లే ఎనక గేటు కాడ ఆటో ఎక్కి వచ్చేసినా నాయనా."

"ఫోను గుర్తు రాల్యాదా?"

"యాల రాదు? నీ కాడుండాది గదా, ఇంక నాకేం బెంగ?"

ఫోను తీసి ఆమె చేతిలో పెట్టినా.

"ఇంతకీ ఎవరికేసినావ్ నాయనా?"

"నీ ఫోనుకే పెద్దమ్మా!"