ధనియాల పూల మీద జంట చారలు

సర్వ సృష్టికర్తకు స్తోత్రం. కొండకూ మైదానానికీ హద్దులు పెట్టినవాడు, చిన్న రెక్కలకు ఆ హద్దులు దాటే బలం ఇచ్చినవాడు, ఆయన నామానికే మహిమ.

పోయిన క్రిస్మస్ ఆరాధన అయ్యాక, మందిరంలో అలంకరించిన చామంతుల మీద గాల్లో కదలకుండా నిలిచిన పూల ఈగను ఫోన్‌లో ఫోటో తీశాను. చూడ్డానికి తేనెటీగలా ఉంటుంది గానీ కుట్టదు; రెక్కలు నాలుగు కాదు, రెండే. మా మిరప చేలల్లో మామూలుగా కనిపించే రకానికి వీపు అంచుల్లో పసుపు గీతలుంటాయి. దీనికి అవి లేవు. నారింజ రంగు పొట్ట మీద లావు నల్ల చార, దానికి తోడుగా మీసంలాంటి సన్న చార.

పూల ఈగల్ని గుర్తుపట్టి, ఏది ఎక్కడ కనిపించిందో మ్యాపులో ఎక్కించేవాళ్ల వాట్సాప్ గ్రూపులో రకం పేరూ మా ఊరి పేరూ రాసి పెడితే, ఒక పెద్దాయన మర్యాదగానే రాశారు: "రకం మీరన్నదేనండి. కానీ అది చల్లటి కొండలది. ఆ పూలు ఎక్కడివి?"

ఊటీ వైపు నుంచి గుంటూరు వచ్చినవని చెప్పాను.

"అయితే ఈగా ఆ బుట్టలోనే వచ్చిందిలెండి. మీ ఊరి పేరు తీసేయండి."

తీయనన్నాను. అదే ఈగను అంతకుముందే మా చేలో, మిరప పక్కన వేసిన ధనియాల పూల మీద చూశాను. కళ్లారా చూసినదానికి సాక్ష్యం చెప్పకపోవడం నాకెవరూ నేర్పలేదు. ఫోటో మాత్రం లేదు.

మర్నాడు పొద్దున్నే చేనికి వెళ్లేసరికి మా తమ్ముడు డ్రమ్ములో పురుగుమందు కలుపుతున్నాడు. అది పడితే ఇక ఈగ ఉండదు.

"ఆగరా. ముందు ఫోటో తీసుకోనీ."

"తామర పురుగు తోటంతా తినేస్తంటే, నువ్వు ఈగలకి కాపలా కాస్తన్నావా అక్కా? వాటికి బాప్తిస్మం కూడా ఇప్పిస్తావేంది?"

"ఇప్పిస్తే నీకంటే ముందే మునుగుతాయిరా!"

వాడు నవ్వాడు. "టీ తాగొచ్చేదాకా టైము. తర్వాత నన్ననమాక."

ధనియాల సాళ్ల మధ్య కూర్చున్నాను. మామూలు రకాలే వస్తున్నాయి, పోతున్నాయి. గట్టు మీద వాడి బండి చప్పుడు వినిపిస్తుండగా వచ్చింది. జంట చారలు. వెనక ఎర్రటి మిరపకాయలు కూడా పడేలా తీశాను.

తమ్ముడు గొణుక్కుంటూనే ధనియాల వైపు సాళ్లు వదిలేసి మందు కొట్టాడు.

ఫోటో చూసి పెద్దాయన, "ఒకటి దారితప్పి వచ్చి ఉండొచ్చు. సందేహంగానే ఉంచుదాం" అన్నారు. ఉంచుకోనివ్వండి. నేను మాత్రం మా ఊరి పేరు తీయను.

ఇది చదువుతున్న మీరూ నాతోపాటు ఒక్కసారి తల వంచండి: ప్రభువా, వచ్చే చలికాలమూ దాన్ని మా ధనియాల పూలకు పంపు. మా తమ్ముడి చేతిని కాసేపు ఆపు. వాళ్ల మ్యాపులో ఖాళీగా ఉన్న మా నేలను నీవు ఖాళీగా విడిచిపెట్టలేదు. ఆమేన్.