తోరణాలు కట్టిన దారి కోసం శ్రీకాకుళం దాకా

బొబ్బిలిలో పొద్దున్న విజయనగరం ప్యాసింజరు అందుకోవాలంటే మా గెడ్డలవలస వాళ్ళు కోడి కూయకముందే బయల్దేరాలి. దూరం మూడు మైళ్ళే. కానీ ఆషాఢంలో ఆ మూడు మైళ్ళూ పొలం గట్ల మీద, సగం బురదలో నడవాలి. మధ్యలో వచ్చే వాగును, మా వైపు గెడ్డ అంటారు, తాటిదూలం మీంచి దాటాలి. సైకిలున్నవాళ్ళు గట్టు బాగున్నచోట దాన్ని ఎక్కుతారు, బాగాలేనిచోట అది వాళ్ళ భుజమెక్కుతుంది. నేనూ, మా సర్పంచి సింహాచలం అన్నయ్యా స్టేషను చేరేసరికి నా చీర కుచ్చిళ్ళన్నీ బురద. ఆయన ఇస్త్రీ పంచె సంగతి చెప్పనక్కర్లేదు. పంపు దగ్గర కాళ్ళు కడుక్కుని, ఆరు దాటాక వచ్చిన బండి ఎక్కాం.

మేం వెళ్తున్నది శ్రీకాకుళం జిల్లా పరిషత్తు ఆఫీసుకి. ఆయన సర్పంచి, నేను పంచాయతీలో ఆడవాళ్ళ తరఫున మెంబర్ని. బళ్ళు తిరిగే రోడ్డు మేం అడగలేదు. అంత వెడల్పు వదిలితే రైతులకు మళ్ళు మిగలవు. మనుషులు నడవడానికి, సైకిళ్ళు పోవడానికి గట్టు కాస్త పెంచి, కంకర పోసి, గెడ్డ మీద చిన్న కల్వర్టు కట్టిస్తే చాలన్నాం. మట్టిపని ఊరంతా కలిసి చేస్తామని కూడా రాసిచ్చాం.

వేసవిలో పంచాయతీ సమితి ఓవర్సీరు దారి చూడటానికి వస్తున్నాడని కబురొచ్చింది. గొప్పవాళ్ళు వస్తున్నారంటే మా ఊరు ఊరుకోదు. అన్నయ్య దండోరా వేయించాడు. ముళ్ళు కొట్టారు, గుంతలు పూడ్చారు, గట్టు పొడుగునా నీళ్ళు చల్లారు. రాళ్ళకు సున్నం కొట్టి రెండు పక్కలా పేర్చారు. మామిడాకు తోరణాలు కట్టారు. ఆడవాళ్ళం గెడ్డ దగ్గర ముగ్గులు పెట్టాం. తాటిదూలం పక్కన ఎవరి అటక మీంచో దించిన బల్లలు పరిచి, పైన చాప కూడా వేశారు. ఓవర్సీరు ఆ దారిలో సైకిలు మీద ఈల వేసుకుంటూ వచ్చి, నాటుకోడి పులుసుతో భోంచేసి, దారి దివ్యంగా ఉంది, నిధులు అక్కర్లేదని రాసేసి వెళ్ళిపోయాడు.

మర్నాడే బల్లలు అటకెక్కాయి. మిగిలినదంతా మొదటి వాన పట్టుకుపోయింది. కిందటి వారం అన్నయ్య కూతురు పైడితల్లి బొబ్బిలి హైస్కూలు నుంచి వస్తూ ఆ దూలం మీంచి గెడ్డలోకి జారింది. వెనక వస్తున్నవాళ్ళు జడ పట్టుకుని లాగారు. పుస్తకాలు మాత్రం కొట్టుకుపోయాయి. మా ఊరి నుంచి హైస్కూలు గడప తొక్కిన మొదటి ఆడపిల్ల అది. దారి రాకపోతే దాన్ని బడి మాన్పించేస్తానని వాళ్ళమ్మ అమ్మవారి మీద ఒట్టేసింది.

విజయనగరంలో దిగి ఇడ్లీలు తిని, టీ తాగి, శ్రీకాకుళం రోడ్డు వెళ్ళే బండి ఎక్కాం. రెండు బండ్లకూ మధ్య తీరిగ్గా ఫలహారం చేసే వ్యవధి ఉంటుంది, కంగారు పడనక్కర్లేదు. దారి పొడుగునా ఊడుపులే. గరివిడిలో డ్యూటీ దిగిన ఫ్యాక్టరీ వాళ్ళు ఒళ్ళంతా నల్లటి దుమ్ముతో ఎక్కారు. వాళ్ళలో ఒకాయన మా సర్పంచి పక్కన సర్దుకుని, "ఏ ఊరు మావా?" అన్నాడు.

"గెడ్డలవలస. బొబ్బిలి దగ్గర. మా ఊరికేటి, బంగారం నాంటి ఊరు" అని మొదలుపెట్టాడు అన్నయ్య. మా నీళ్ళు తియ్యన, మా వరి సన్నం, మా దారిలో సైకిలెక్కితే పడవలో పోయినట్టుంటాదని కూడా అనేశాడు.

నేను మోచేత్తో పొడిచి అసలు సంగతి చెప్పాను. ఫ్యాక్టరీ ఆయన నవ్వాడు. నల్లటి మొహంలో పళ్ళు తప్ప ఇంకేం కనబడలేదు. "ఊరిని పొగుడుకోడానికే టిక్కెట్టు తీసినావేటి మావా? ఆఫీసులో కూడా ఇలాగే సెప్తే ఇంకో తోరణం కట్టుకుని కూకోవాలి" అన్నాడు.

అన్నయ్యకు కోపం వచ్చింది గాని, మాటలో నిజముంది. పొందూరు దాటేదాకా నేను ఆఫీసర్నయి ప్రశ్నలడిగాను. "మీ దారి ఎలా ఉంటుంది?" అంటే "బాగోనేదు" అనాలి. ఆ ఒక్క మాట ఆయన నోట్లోంచి వచ్చేసరికి పొందూరు స్టేషను వచ్చేసింది.

శ్రీకాకుళం రోడ్డులో దిగి, బస్సు పట్టుకుని, నాగావళి వంతెన దాటి ఊళ్ళోకి వచ్చేసరికి పన్నెండు కావస్తోంది. హోటల్లో ముద్దపప్పు, ఆవ పెట్టిన పనసపొట్టు కూర. నా ప్రయాణం మొత్తంలో మరిచిపోలేనిది ఆ కూర. తిని ఆఫీసుకి వెళ్తే, ఆఫీసరు నరసన్నపేట క్యాంపులో ఉన్నారు, రేపు రండి అన్నాడు గుమాస్తా. బండిదారా, తారురోడ్డా అని అడిగాడు. కాళ్ళకీ సైకిళ్ళకీ అన్నాం. "కాళ్ళకి ఏ పద్దు కింద ఇవ్వాలమ్మా?" అని ఆయన పాపం నిజంగానే ఆలోచనలో పడ్డాడు. ఆ రాత్రి బస్టాండు దగ్గర సత్రంలో ఉన్నాం. ఆడవాళ్ళకు వేరే గది ఉంది. దోమలు మాత్రం ఇద్దరికీ సమానం.

మర్నాడు పదింటికి ఆఫీసరు పిలిచారు. నడివయసు మనిషి, కళ్ళజోడు పైకి తోసి మాట్లాడతారు. ఓవర్సీరు రాసిన కాగితం చూసి, "దారి దివ్యంగా ఉందని రాశారే. ఎలా ఉంటుందండీ మీ దారి?" అన్నారు.

"మా ఊరికేటి బాబూ, బాగానే ఉంటాది" అన్నాడు అన్నయ్య.

నేను మళ్ళీ మోచెయ్యి ఎత్తాను. ఏదో అనబోయాను. అంతలో ఆయనే తలదించుకుని, మెల్లగా అందుకున్నాడు. "కాదు బాబూ. బాగోనేదు. మీరొస్తే బాగుంటాది. మీరెల్లిపోతే ఉండదు. మా గుంట పైడితల్లి గెడ్డలో పడిపోయినాది. నానే సర్పంచిని. ఊరికి సున్నం కొట్టించి తోరణాలు కట్టించినాను గాని నా గుంటకి దారెయ్యలేకపోయినాను."

ఆఫీసరు కళ్ళజోడు కిందికి దించుకున్నారు. "ఇంతకీ తోరణాలెందుకు కట్టారయ్యా?"

"ఇంటికొచ్చే మనిషిని బురదలోకి రమ్మంటామేటి బాబూ?"

ఆయన పడీపడీ నవ్వారు. నవ్వాపుకుని, "గురువారం పొద్దున తొమ్మిదికల్లా గెడ్డ దగ్గరికి నేనే వస్తాను. స్టేషను నుంచి నడిచే వస్తాను. దారి మీరు చెప్పినట్టే ఉంటే కల్వర్టుకీ కంకరకీ నేను పరిషత్తులో పెడతాను. ఊళ్ళో ఎవరికీ చెప్పకండి. ఒక్క చీపురు కదిలినా వెనక్కి వెళ్ళిపోతాను" అన్నారు.

గుమ్మం దాకా వచ్చాక అన్నయ్య మళ్ళీ వెనక్కి వెళ్ళాడు. "బాబూ, సెంబుడు నీళ్ళైనా పెట్టొచ్చునా?"

"అడిగితే ఇవ్వండి" అన్నారు ఆయన.

తిరుగు ప్రయాణంలో అన్నయ్య కిటికీ వైపే మొహం తిప్పుకుని కూర్చున్నాడు. అంత పెద్ద కబురు కడుపులో పెట్టుకోవడం ఆయనకు ఎన్నడూ అలవాటు లేదు. విజయనగరంలో బండి ఆలస్యం కాకపోవడంతో నాలుగున్నరకల్లా బొబ్బిలిలో దిగాం. మళ్ళీ పంచె ఎగ్గట్టి గట్టు ఎక్కాం. ఊరి కోసం ఎవరైనా ఇలా ఆఫీసుల చుట్టూ తిరగవలసి వస్తే నేను చెప్పేది ఒకటే. పనసపొట్టు కూర తప్పకుండా తినండి, ఊరి గొప్పలు మాత్రం స్టేషన్లోనే వదిలి వెళ్ళండి. మా ఊరివాళ్ళు చెడ్డదారిని కూడా దాచిపెట్టి ప్రేమిస్తారని నాకు ఈ ప్రయాణంలోనే తెలిసింది. అందుకు నాకు నవ్వూ వచ్చింది, కళ్ళమ్మట నీళ్ళూ వచ్చాయి.

గెడ్డకు ఇవతల పైడితల్లి నిలబడి ఉంది. బడి నుంచి వస్తూ, ఒంటరిగా దూలమెక్కే ధైర్యం లేక ఎవరైనా వస్తారేమోనని చూస్తోంది. తండ్రిని చూడగానే అడిగింది. "నాన్నా, నాను రేపట్నించి బడికెల్లొచ్చునా, మానేయాలా?"

అన్నయ్య అది అరువు తెచ్చుకున్న పుస్తకాలు తీసుకుని, రెండో చేత్తో దాని చెయ్యి పట్టుకున్నాడు. ముందు తను దూలం మీద కాలు పెట్టాడు. "బడికెల్లమ్మా. రోజూ నానే దాటిస్తాను. గురువారం మాత్రం తొమ్మిదింటికి సరిగ్గా ఇక్కడే దాటుదాం."

"గురువారం ఏటి?"

ఆయన దాన్ని జాగ్రత్తగా దూలం దాటించాడు. అవతలి ఒడ్డున కాలు పెట్టాక నా వైపు తిరిగి, "సెల్లెమ్మా, బురద ఎలాగూ తియ్యకూడదు. ఆ సెంబుడు నీళ్ళు ఇక్కడే, గెడ్డ ఒడ్డునే పెట్టిస్తాను. కాళ్ళు కడుక్కోడానికి ఆయనే అడుగుతాడు సూడు" అన్నాడు.