సారు పొయ్యిలో పెట్టిన పుస్తకం

మా సారు పోయారని మొన్న శుక్రవారం పట్నం నుంచి కార్డు వచ్చింది. నాలుగు రోజుల జ్వరమేనట. అప్పటి నుంచి ఏ పనీ చేతికి రావడం లేదు. పూజకు కూర్చుంటాను, మధ్యలో లేస్తాను, ఎందుకు లేచానో తెలియదు.

ఆయన విశ్వవిద్యాలయంలో అధ్యాపకులు. సెలవుల్లో విద్యార్థులను వెంటబెట్టుకుని మోత్కూర్ దగ్గరి మా ఊరికి వచ్చేవారు. ఊరి సేవ కూడా చదువేనని, దానికీ మార్కులుంటాయని చెప్పేవారు. మా ఆడవాళ్ళ భజన సమాజమే ఆ విద్యార్థులకు తిండి, వసతి చూసేది. వాళ్ళు మా వాళ్ళకు అక్షరాలు నేర్పేవారు, మందులు పంచేవారు. ఏ ఇంటికి వెళ్ళినా ముందు పెట్టింది తినాలి, తర్వాతే ప్రశ్నలు అడగాలి. అది ఆయన నియమం. పళ్ళు లేక ఆయన జొన్నరొట్టెను మజ్జిగలో నానేసేవారు. "రొట్టెకు ఈత నేర్పుతున్నరా సారూ?" అని ఆడవాళ్ళు నవ్వేవారు.

పోలీసు చర్య జరిగిన మరుసటి వేసవి. దొరల మీద తిరగబడి గుట్టల్లో దాక్కున్న సంఘం వాళ్ళను పట్టుకోవడానికి ఊరి బయట మిలిటరీ క్యాంపు పెట్టారు. విద్యార్థులు ఇంటింటికీ తిరిగి ఎవరికి ఏ జబ్బుందో, ఇంట్లో ఎవరు లేరో ఒక పుస్తకంలో రాశారు. వాళ్ళను తిప్పింది నేనే. "మనోళ్ళే, చెప్పుండ్రి" అన్నాను. నా మాట నమ్మి ఒక తల్లి, "నా కొడుకు గుట్టల్ల ఉన్నడు బిడ్డా, నెలకోపాలి వచ్చిపోతడు" అంది. అదీ రాశారు. అలాంటి ఇళ్ళు పదకొండు.

సాయంత్రం నేను రొట్టెలు కాలుస్తుంటే సారు గడపలో కూర్చుని ఆ పుస్తకం తిరగేశారు. ముఖం పాలిపోయింది. లేచి వచ్చి, పెనం పక్కకు జరిపి, పుస్తకాన్ని పొయ్యిలో పెట్టారు.

"సార్, మా మార్కులు!" అన్నాడో విద్యార్థి.

"సున్నా నాకు పడ్డది. మీకెందుకు ఫికర్?"

"నేను దాచిపెడుదును గద సారూ" అన్నాను.

"క్యాంపు జమాదారు అడిగితే ఏమంటవమ్మా? నీకు అబద్ధం రాదు. గా కష్టం నీకెందుకు?"

తెల్లవారగానే పదకొండు ఇళ్ళకూ విద్యార్థులను పంపి, రాయడం తప్పేనని, కాల్చేశామని చెప్పించారు. పుస్తకం సంగతి అప్పటికే ఎవరో క్యాంపుకు చేరవేశారు. జమాదారు వచ్చి అడిగితే "మా ఇంట్ల ఏ పుస్తకం లేదు" అన్నాను. నిజమే చెప్పాను. సారును మూడు రోజులు క్యాంపులో ఉంచుకున్నారు. ఆయన నోటి నుంచి ఒక్క పేరూ రాలేదు. పుస్తకం చూపలేదని మరుసటి ఏడు విశ్వవిద్యాలయం పెద్దలు విద్యార్థులను పంపలేదు. ఆయనే ఒంటరిగా మందుల సంచితో వచ్చి వెళ్ళారు.

ఆ తల్లుల చేత చెప్పించిన తప్పు నాది. ఆ మాట ఆయనతో అనలేదు, వాళ్ళతోనూ అనలేదు.

శనివారం భజనకు వచ్చినవాళ్ళకు కార్డు చదివి వినిపించాను. ఆ తల్లీ ఉంది. కొడుకు ఇంకా ఇల్లు చేరలేదు, బతికున్నాడని కబురు మాత్రం ఉంది. ఆమె తాళాలు కింద పెట్టి బావి దగ్గరికి నడిచింది. నీళ్ళు చేది, కట్టుచీరతోనే నెత్తిన పోసుకుంది, సొంతవాళ్ళు పోతే పోసుకున్నట్టు.

"ఆయన నీకేమైతడని అక్కా, మైల స్నానం?" అంది పక్కామె.

"అన్న అయితడు."

ఒక్కొక్కరే వెళ్ళి, తామూ నీళ్ళు పోసుకోవడానికి బావి దగ్గర నిలబడ్డారు. నేను వెనక ఉండిపోయాను. ఆ తల్లి చూసింది. బొక్కెన బావిలోకి వదిలి, నీళ్ళు కారుతున్న చేతులతో చేంతాడు నా చేతికిచ్చి పక్కకు జరిగింది.