కొత్త కర్రకు పసుపు పూసిన పాపం

ముందే చెబుతున్నాను, ఇది నా ఘనకార్యం కాదు. ఒక ఆదివారం పొద్దున నాకు రాబోయే ఉద్యోగాన్ని నేనే, నా రెండు చేతులతో, అందరూ చూస్తుండగా కంచె అవతలకు విసిరేశాను. ఏదో మాటవరసకు అంటున్నానని అనుకునేరు. నిజంగానే విసిరేశాను. అది గాలిలో మూడు పల్టీలు కొట్టిందని చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

నా పేరు యాదగిరి. మాది మొయినాబాద్ మండలం ఎంకపల్లి. నగరం అంచున ఉన్న ఒక గోల్ఫ్ క్లబ్బులో పదిహేనేళ్లు పెద్దమనుషుల సంచులు మోశాను. ఆ పని చేసేవాణ్ని క్యాడీ అంటారు. మోస్తూ మోస్తూ ఆట కూడా పట్టుబడింది. సార్లు రాకముందు వాళ్లు పారేసిన పాత కర్రలతో కొట్టేవాణ్ని, బంతి గీత గీసినట్టు పోయేది. ఎట్లా కొట్టావు అని అడిగితే మాత్రం చెప్పడం రాదు. అన్నం ఎట్లా మింగుతావని అడిగితే మీరేం చెబుతారు?

తర్వాత చేవెళ్ల రోడ్డు మీద, నిన్నమొన్నటిదాకా క్యారెట్ పండిన చెలకలో ఒకాయన గోల్ఫ్ నేర్చుకునే మైదానం పెట్టాడు. బంతులు ఏరడానికి, గడ్డి కోయించడానికి, కొత్తవాళ్లకు కర్ర అందించడానికి నన్ను పెట్టుకున్నాడు. దగ్గర్లోని మోకిల విల్లాల వాళ్లు సెలవు రోజుల్లో రావడం మొదలుపెట్టారు. వచ్చే నెల నుంచి ఒక కోచ్‌ని పెడతానని ఓనరు అన్నాడో లేదో, నేను మనసులో కోచ్ టోపీ పెట్టేసుకుని అద్దం ముందు నిలబడ్డాను కూడా. ఆ టోపీకి అడ్డం వచ్చేవాడు ఈ లోకంలో ఒక్కడే ఉన్నాడు. వాడు మా బామ్మర్ది శ్రీకాంత్.

వాడు చేవెళ్ల చౌరస్తాలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం నడిపేవాడు. ఒకసారి నన్ను కలవడానికి మైదానానికి వచ్చాడు. మూడు బంతులు కొట్టబోయి మూడూ తప్పాడు. నాలుగోది కొట్టడం మానేసి కర్ర గురించి వీడియో తీశాడు. ఆరు నెలలు తిరిగేసరికి వాడు గోల్ఫ్ సామాన్ల నిపుణుడు అయి కూర్చున్నాడు. కంపెనీలు వాడి ఇంటికే కొత్త కర్రలు పంపిస్తున్నాయి, బాగున్నాయో లేవో చెప్పమని. ఒట్టేసి చెబుతున్నాను, వాడు కొడితే బంతికంటే మట్టి ఎక్కువ దూరం పోతుంది. కానీ ఆ మట్టి వీడియోలో కనపడదు. కర్ర ఊపడం చూపిస్తాడు, తర్వాత ఆకాశం చూపిస్తాడు, ఆ తర్వాత వాడి నవ్వు చూపిస్తాడు. మధ్యలో బంతి ఏ గతి పట్టిందో భగవంతుడికే ఎరుక.

కడుపు మండిందా అని అడుగుతున్నారా? మండింది. దాచడమెందుకు? పొద్దున నేను చాయ్ తాగుతుంటే మా ఆవిడ సుజాత తమ్ముడి వీడియో పెట్టుకుని బెండకాయలు తరిగేది. "మా తమ్ముడు ఎంత మంచిగ చెప్తున్నడో చూడు. నువ్వు పదిహేనేండ్లు మోసినవ్, ఒక్క ముక్క చెప్పరాదు నీకు" అనేది. ఆ రోజు కోపం కొద్దీ బెండకాయ కూర ముట్టలేదు. సరిగ్గా చెప్పాలంటే, రెండోసారి వడ్డించుకోలేదు.

వాడొక్కడే అయితే సర్దుకుపోయేవాణ్ని. ఆ ఫోనులో ఎంతమంది గురువులున్నారంటే, ఒక్కొక్కరికీ ఒక్కో శిష్యుణ్ని పంచినా మన జిల్లా చాలదు. ఒకాయన తల కదపొద్దంటాడు. ఇంకొకాయన తల కదపకపోతే నడుము విరుగుతుందంటాడు. ఒకాయన కర్రను పిచ్చుకపిల్లను పట్టినట్టు సుతారంగా పట్టుకోమంటే, ఆ పక్కాయన తాళ్లు తెంపుకునే ఎద్దును పట్టినట్టు పట్టమంటాడు. అందరూ మొదలుపెట్టేది మాత్రం ఒక్కటే మాట, ఇన్నాళ్లూ మీకెవ్వరూ చెప్పని రహస్యం అని. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అంటారు. గురువులు ఎక్కువైతే నీళ్లే మిగులుతాయి, మజ్జిగ కనపడదు.

ఇక సామాన్ల రివ్యూలు చెప్పేవాళ్ల సంగతి. ఆడలేక మద్దెల ఓడు అనడం పాతకాలం మాట. ఇప్పుడు మన తరఫున మద్దెల ఓడని చెప్పడానికి ప్రత్యేకంగా మనుషులున్నారు. పోయిన ఏడు ఇంతకు మించిన కర్ర పుట్టదన్నవాడే ఈ ఏడు దానితో కుక్కల్ని తోలుకోమంటాడు. నమ్మేవాళ్లు నమ్ముతారు. మా ప్రసాద్ గారే అందుకు సాక్ష్యం.

ప్రసాద్ గారు కోస్తా నుంచి వచ్చి ఎప్పుడో ఇక్కడ స్థిరపడిన సాఫ్ట్‌వేర్ మేనేజరు. మోకిలలో విల్లా ఉంది, మనిషి మెత్తన. ఒక్కో వీడియో చూస్తే బంతి పది గజాలు ఎక్కువ పోతుందని వాళ్లు చెబుతారు, ఆయన నమ్ముతారు. ఆయన చూసిన వీడియోల లెక్కన బంతి మొయినాబాద్‌లో లేచి వికారాబాద్‌లో పడాలి. ఆయన బూట్ల ముందే పడేది. అయినా నన్ను ఒక్క ముక్క అడిగేవారు కాదు. శ్రీకాంత్ ఏం చెబితే అది కొనేవారు. చివరికి వాడి వీడియో చూసి చాలా ఖరీదైన కొత్త డ్రైవర్ తెప్పించుకున్నారు. డ్రైవర్ అంటే బంతిని అన్నిటికంటే దూరం పంపే పొడుగు కర్ర.

ఆ వారమే ఓనరు నన్ను పిలిచాడు. "ఆదివారం విల్లాలోల్లు అందరొస్తరు, శ్రీకాంత్ గూడ వస్తడు. ప్రసాద్ సార్ కొత్త కర్రతోని నువ్వు జర కొట్టి చూపియ్యి. కోచ్ ఎవరనేది అందరి ముంగటనే చెప్త" అన్నాడు.

నా చెవులకు అందులో ఒక్కటే ముక్క పట్టింది, శ్రీకాంత్ గూడ వస్తడు. అంటే పోటీ పెట్టారన్నమాట. వాణ్నీ నన్నూ పక్కపక్కన నిలబెట్టి ఒకణ్ని ఎంచుకుంటారన్నమాట. ఓనరు పోటీ అనే మాటే అనలేదు, కానీ అసూయపడేవాడికి అనని మాటలే గట్టిగా వినపడతాయి.

ఆ నాలుగు రోజులు నేనేం చేశానో చెబితే నవ్వుతారు. గడ్డి కోసే మిషను పెట్టే షెడ్డు వెనక నక్కి, ఏ వీడియోలనైతే తిట్టుకున్నానో వాటినే చూశాను. శ్రీకాంత్‌వి కూడా చూశాను, వాడి వీడియో చూసినవాళ్ల లెక్క ఒకటి పెరుగుతుందని తెలిసి కూడా. పదిహేనేళ్లు ఆలోచించకుండా కొట్టినవాణ్ని తల సంగతి, మోకాలి సంగతి, బొటనవేలి సంగతి ఆలోచించడం మొదలుపెట్టాను. శనివారానికి నా బంతి ప్రసాద్ గారి బంతి పక్కనే పడింది. ఆయన సంతోషించి, "పర్లేదండి యాదగిరి గారూ, మనిద్దరిదీ ఒకటే సమస్యలాగుంది" అన్నారు.

ఆటలో కాకపోతే హంగులోనైనా వాణ్ని కొట్టాలి అనుకున్నాను. అప్పుడు తట్టింది నా బుర్రకు మహత్తరమైన ఆలోచన. మా వైపు ట్రాక్టరు కొన్నా, బోరుకు మోటరు బిగించినా, పసుపు కుంకుమ పెట్టి నిమ్మకాయ కట్టకుండా పనిలోకి దించం. శ్రీకాంత్ ఇన్ని కర్రలు చూపించాడు కదా, ఒక్కదానికైనా పూజ చేశాడా? చేయలేదు. ఇక వాడి పని అయిపోయిందనుకున్నాను.

ఆదివారం పొద్దున అందరికంటే ముందే వెళ్లాను. ప్రసాద్ గారిని అడిగితే, "శుభమండీ, తప్పకుండా చేయండి" అని కర్ర చేతిలో పెట్టారు. పట్టుకునే చోట రబ్బరు తొడుగు ఉంటుంది. నీళ్లలో కలిపిన పసుపు దాని మీద నిలవక జారిపోయింది. దానికీ విరుగుడు ఉంది, ఇంటి నుంచి తెచ్చిన నువ్వుల నూనెలో కలిపి పూశాను. బ్రహ్మాండంగా అంటుకుంది. పైనుంచి కిందిదాకా కుంకుమ బొట్లు పెట్టి, కర్ర మెడకు నల్లదారంతో నిమ్మకాయ కట్టాను. పెళ్లికూతురిలా మెరిసిపోయింది. శ్రీకాంత్ ఫోను పట్టుకుని తీస్తున్నాడు. వాడి మొహం చూశాను, కుళ్లుకుంటున్నాడేమోనని. వాడు నవ్వుతున్నాడు. మనసులో ఏడుస్తూ పైకి నవ్వుతున్నాడులే అనుకున్నాను.

విల్లాల వాళ్లంతా కుర్చీల్లో కూర్చున్నారు. నేను బంతి ముందు నిలబడ్డాను. ఎట్లా పట్టుకోవాలి? పిచ్చుకపిల్లా, ఎద్దా? శ్రీకాంత్ అన్ని వీడియోల్లో పిచ్చుకపిల్లే అంటాడు. వాడి విద్యతో వాణ్నే గెలవాలని వేళ్లు వదులు చేశాను. పిచ్చుకపిల్లను వదులుగా పట్టుకోవడంలో తప్పులేదు. పిచ్చుకపిల్లకు నూనె పూసి పట్టుకోమని మాత్రం ఏ గురువూ చెప్పలేదు. బలం కొద్దీ ఊపాను. ఊపిన తర్వాత చూస్తే చేతుల్లో పసుపు ఉంది, కర్ర లేదు. బంతి మాత్రం పెట్టినచోటే బుద్ధిగా కూర్చుని ఉంది. కర్ర ఎడమవైపు కంచె దాటి, పక్క చేనులోని పాలీహౌస్ ప్లాస్టిక్ కప్పు చీల్చుకుని లోపల పడింది.

ఆ పాలీహౌస్ మల్లమ్మవ్వది. అందులో జర్బెరా పూలు పెంచి నగరానికి పంపిస్తుంది. గేటు అటువైపు ఉంది కాబట్టి చుట్టూ తిరిగి వెళ్లేసరికి కాస్త సమయం పట్టింది. ప్రసాద్ గారు, ఓనరు, శ్రీకాంత్, వెనక సగం విల్లాలు, అందరికంటే ముందు పరుగెత్తుతూ నేను. వెళ్లేసరికి చేను గట్టు మీద కంది కట్టె మంట లేస్తోంది. చుట్టూ కూలి ఆడవాళ్లు దూరంగా నిలబడి ఉన్నారు. మల్లమ్మవ్వ కర్రను మంటలో వేసి మీద డీజిల్ పోస్తోంది.

"దగ్గరికి రాకుర్రి" అంది అవ్వ. "ఎవడో నా పూల మీద చేతబడి చేసి ఇసిరేసిండు. పసుపున్నది, కుంకుమున్నది, నిమ్మకాయ గూడ కట్టిండ్రు."

"అవ్వా, అది గోల్ఫ్ కర్ర" అన్నాను.

"నీకెట్ల ఎరుక?"

ఆ ప్రశ్నకు ఏం చెప్పినా చెడ్డే. అయినా నిజమే చెప్పాను, "నేనే పూసిన అవ్వా" అని.

అవ్వ డీజిల్ డబ్బా కింద పెట్టింది. నన్ను ఎగాదిగా చూసి, "నేన్నీకేం జేసిన బిడ్డా?" అని అడిగింది.

పూజకూ చేతబడికీ తేడా విడమర్చి చెప్పేసరికి కర్ర సగానికి పైగా కాలిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదంటారు. చేతులకు నూనె, కర్రకు నిప్పు తగిలితే ఏం పట్టుకోవాలో పెద్దలు చెప్పలేదు. రబ్బరు కంపుకు అందరూ ముక్కులు మూసుకున్నారు. ప్రసాద్ గారు మంటవైపు కాసేపు చూసి, "పోనీలెండి యాదగిరి గారూ. పూజ మాత్రం లోపం లేకుండా జరిగింది" అన్నారు. ఆయన తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

తిరిగి వస్తుంటే శ్రీకాంత్ నా పక్కకు వచ్చి నడిచాడు.

"బావా, ఒకటి చెప్త, కోపానికి రాకు" అన్నాడు. "ఓనరు మొదాలు నన్నే అడిగిండు కోచ్‌గా రమ్మని. నేనే వద్దన్న. నాకు కొట్టరాదని నీకు ఎరుకనే గదా. మా బావకియ్యుండ్రి, ఆయన ఊపుతుంటె చూస్తే చాలు అన్న. ఓనరు ఒప్పుకున్నడు. నీకు ఆ మాట చెప్పంగ వీడియో తీద్దామని వచ్చిన ఇయ్యాల."

"మరి పోటీ?" అన్నాను.

"ఏం పోటీ బావా?" అన్నాడు వాడు, అమాయకంగా.

అంటే ఆ ఉద్యోగం అప్పటికే నాది. ఊరికే వెళ్లి, ఎప్పటిలాగే ఒక్క బంతి కొట్టి, చేతులు కట్టుకుని నిలబడితే చాలు. లేని పోటీలో పాల్గొని, అందులో కూడా ఓడిపోయాను. వాడు అంతటితో ఊరుకున్నాడా? కంపెనీ తనకు పంపిన కొత్త కర్ర ఒకటి ప్రసాద్ గారికి ఇచ్చేశాడు. మల్లమ్మవ్వ పాలీహౌస్ కప్పుకు తనే నిచ్చెన ఎక్కి అతుకు వేశాడు. అవ్వ వాడికి పూలు ఇచ్చి పంపింది. నన్ను ఆదుకుంటున్నాడని తెలిసి కూడా, నిచ్చెన కింద పట్టుకుని నిలబడి, నాకు మళ్లీ కడుపు మండింది.

ఇక కోచ్ సంగతి. తర్వాతి వారం ఓనరు మైదానం షెడ్డులో గోడకు పెద్ద టీవీ బిగించాడు. నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు దాని ముందు కూర్చుని గురువుల వీడియోలు చూస్తారు, చూసి కొడతారు. "మనిషిని పెట్టుకుంటె నూనెలు, నిమ్మకాయలు. ఇది ఏం పుయ్యదు" అన్నాడు. టీవీకి కొబ్బరికాయ తనే కొట్టాడు, నన్ను గేటు దగ్గర నిలబడమన్నాడు. రోజూ పొద్దున దాని దుమ్ము తుడిచి పెట్టడం నా పని.

పెట్టగానే అందరికంటే ముందు వచ్చే వీడియో శ్రీకాంత్‌ది. దాని పేరు, కర్ర ఇట్ల మాత్రం పట్టుకోకుర్రి అని. అందులో ఉన్నది నేనే. వాడు నన్ను అడిగి, నా మొహం మసకచేసే పెట్టాడు. సుజాత చొక్కా చూసి గుర్తుపట్టింది. మొన్న ఒక మేడమ్ అది చూసి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, ఆయన ఇప్పుడెక్కడుంటాడండీ అని నన్నే అడిగింది. ఊరిడిసి పోయిండట మేడమ్ అని చెప్పి, బంతులు ఏరడానికి వెళ్లాను.

కాబట్టి ముక్కోటి దేవతల సాక్షిగా, మండల ప్రజలందరి సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఊపేదానికి నూనె పూయను. పిచ్చుకపిల్లల జోలికి పోను. బామ్మర్ది శ్రీకాంత్ మీద ఈ జన్మలో మళ్లీ అసూయపడను. ఇప్పుడు అంత తీరిక కూడా లేదు. విల్లాల వాళ్లు వస్తూనే ఆ టీవీని గుడ్ మార్నింగ్ కోచ్ అని పలకరిస్తున్నారు, నా అసూయంతా దానికే సరిపోతోంది.